వసంత ఫోన్‌లో రాని దేవమ్మ

వసంత గుండె రాయి అయిపోయిందని, దేవుడే దాన్ని మెత్తబరచాలని ఆ ఊరి మందిరంలో మూడు ఆదివారాలుగా ప్రార్థన జరుగుతోంది. జరిపిస్తున్నది పగవాడు కాదు. ఆమె సొంత అన్న పాల్.

మానవపాడుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లో మందిరమంటే రేకుల షెడ్డు, నాలుగు చాపలు, ఒక మైకు. ఆరాధన అయిపోయే ముందు పాస్టరు యేసుబాబు ఆ మైకును జనంలోకి పంపిస్తాడు. ఎవరి కష్టం వాళ్లు లేచి చెప్పుకుంటారు. ప్రార్థన కోరికలంటారు వాటిని. జ్వరాలు, ఎండిపోయిన బోర్లు, పిల్లల పరీక్షలు. అయితే ఆ ఊళ్లో మైకుకు ఇంకో వాడుక కూడా ఉంది. మొహాన తిట్టడానికి వీల్లేని మనిషిని దేవుడికి చెప్పుకునే వంకన తిడతారు. కోడలి నోటికి తాళం వెయ్యమని అత్త, అత్త చెవులకు శాంతినివ్వమని కోడలు ఒకే ఆదివారం విన్నవించుకున్న రోజులున్నాయి. తిట్టు కాదు కాబట్టి తిరిగి అనడానికి లేదు. ప్రార్థన కాబట్టి అందరూ ఆమేన్ అనాల్సిందే.

పాల్ ఎన్నడూ ఆ మైకు అడగలేదు. ఊరి బడిలో ఏడు దాకా చదివిన మనిషి. మందిరంలో వాక్యం చదివేది ఆయనే. చదివి కూర్చుంటాడు, అంతే. భార్య దేవమ్మ పోయినప్పుడు కూడా లేచి ఒక మాట చెప్పుకోలేదు. అలాంటివాడు ఒక ఆదివారం చెయ్యి చాపి మైకు తీసుకున్నాడు.

"మస్కట్‌ల నా చెల్లె వసంత ఉన్నది. మీకందరికి ఎరుకే. చిన్నప్పటి సంది సాదిన వదిన సచ్చిపోతే మట్టికి రాలే. ఇప్పుడు గా వదిన టీవీల వస్తే చూసే తీరిక కూడ లేదంట. దాని గుండె రాయి అయింది. ప్రార్థన చేయుండ్రి."

రేకుల కింద తలలన్నీ వంగాయి. తర్వాత ఆమేన్ వచ్చింది. గట్టిగానే వచ్చింది.

పాల్, వసంతల తల్లి, చిన్నది పలక పట్టకముందే పోయింది. కొత్తగా కాపురానికొచ్చిన దేవమ్మ ఆడబిడ్డను చంకనేసుకుంది. దేవమ్మకు కడుపు పండలేదు, ఆ ముచ్చట్లన్నీ వసంతతోనే తీర్చుకుంది. తల దువ్వింది, బడికి తోలింది, ఈడొచ్చాక విత్తన పత్తి చేలలో క్రాసింగు పని నేర్పింది. ఈపూట మొగ్గ ఒలిచి లోపలి పుప్పొడి తీసేయాలి, రేపు పొద్దున్నే మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. వేలు కొంచెం బరువుగా పడితే కాయ నిలవదు. వసంత వేళ్లు దేవమ్మ వేళ్లకంటే తేలిక. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు వదిలేస్తే వసంత తిరిగి వదిన దగ్గరికే వచ్చింది. కొంతకాలముంది. తర్వాత మస్కట్‌కు ఇంటిపనికి పోయింది. ఎందుకు పోయిందని ఊళ్లో ఎవరూ పాల్‌ను అడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

పోయిన పత్తికాలంలో ఒక టీవీ ఛానల్ వాళ్లు చేలలో పనిచేసే ఆడవాళ్ల మీద కార్యక్రమం తీయడానికి వచ్చారు. అందరిలోకి నోరున్న మనిషని దేవమ్మ ముందు మైకు పెట్టారు. అది టీవీలో రాకముందే దేవమ్మకు జ్వరమొచ్చింది. గద్వాల దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైంది.

ఆ రోజు వసంత ఏడుస్తూ ఫోన్ చేసింది. పాస్‌పోర్టు ఇంటి యజమాని దగ్గరుందని, ఇవ్వనంటున్నాడని, కాళ్లు పట్టుకుంటున్నానని, ఒక్క రోజు ఆగమని. ఆగడం కుదరకపోతే ఫోన్‌లోనైనా వదిన మొహం చూపించమని.

"శవాన్ని ఫోన్ల చూపిచ్చుడేంది. ఇదేమన్న సినిమానా?" అని పాల్ పెట్టేశాడు. పొద్దు వాలకముందే మట్టి చేయించాడు. ఓదార్చడానికి వచ్చినవాళ్లకు వరసపెట్టి అదే మాట చెప్పాడు. "పాస్‌పోర్టు ఇయ్యలేదంట. సావుకు పోతనంటే ఇయ్యనోడు యాడన్న ఉంటడా? జీతం కోతపడ్తదని ఆగింది." తలూపినవాళ్లు ఊపారు. ఊపనివాళ్లతో ఆయన మళ్లీ మాట్లాడలేదు.

కార్యక్రమం టీవీలో వచ్చిన పూట ఊరు ఊరంతా మిరపచేలలో ఉంది. ఎవరూ చూడలేదు. ఆ తర్వాత ఛానల్లో పనిచేసే అమ్మాయి పాల్ ఫోన్‌కు లింకు పంపింది. ఛానల్ యాప్ ఒకటుంది, అందులో అయిపోయిన కార్యక్రమాలు కొన్నాళ్లపాటు మళ్లీ చూసుకోవచ్చు. పాల్ యాప్ వేసుకున్నాడు. తెర మీద దేవమ్మ వచ్చింది. తలకు తుండు చుట్టుకుని, ఎండకు కళ్లు చికిలించి, మాట్లాడుతూనే మొగ్గలు ఒలుస్తోంది.

"మీ ఆయన ఏం పని చేస్తాడమ్మా?" అని అడిగింది టీవీ అమ్మాయి.

"కోపం చేస్తడు," అంది దేవమ్మ. "తెల్లారంగ షురూ చేస్తే పొద్దుమీకేదాంక అదే పని. కూలి కూడ రాదు."

చేలో ఉన్నది పత్తికాలానికి వేరే ఊళ్లనుంచి వచ్చిన కూలి ఆడవాళ్లు, అంతా నవ్వారు. ఇంట్లో ఒక్కడే ఉన్నాడు కాబట్టి పాల్ కూడా నవ్వాడు. తర్వాత దేవమ్మ వసంత గురించి నాలుగు మాటలు చెప్పింది. చివరి మాటలో పాల్ ఉన్నాడు. అక్కడ ఆయన నవ్వు ఆగిపోయింది.

ఆనాటినుంచి ఎవరొచ్చి అడిగినా చూపించేవాడు. కోపం మాట దాకా ఆడనిచ్చేవాడు. వాళ్లు నవ్వుతుండగానే బొటనవేలితో తెరను ముందుకు తోసేవాడు. "గీడ ఏం లేదు, ఉత్త చేను చూపెడ్తరు" అనేవాడు. ఊళ్లో ఆ నాలుగు మాటలు విన్నది ఆయన ఒక్కడే.

పక్కింటి అంజమ్మ వరసకు మేనత్త అవుతుంది. ఆమె పాత ఫోన్‌లో యాప్ ఎక్కలేదు గానీ, పాల్ దగ్గర తీసుకున్న లింకు మాత్రం వసంతకు పంపించింది. రెండు రోజులకు వసంత అన్నకు ఫోన్ చేసింది.

"అన్నా, అది నాకు ఆడుతలేదు. తెర నల్లగయి ఏదో ఇంగ్లీషుల రాస్తుంది."

"ఏం రాస్తుంది?"

"నాకేం తెల్సు. ఈడ రాదంటుందని ఇంట్ల చిన్న మేడం చెప్పింది."

"నా డొక్కు ఫోన్ల ఆడుతుంది. నీ పెద్ద ఫోన్ల ఆడదా?"

"నిజమన్నా."

"ఆడలేక మద్దెల ఓడన్నదంట. దినమంత రీల్సు చూడనీకె నెట్ ఉంటది, వదినను చూడనీకె ఉండదు. సరే, ఒక్క మాటల తేలుతది. వదిన నీ గురించి ఏమన్నదో చెప్పు."

"నా గురించి అన్నదా?" అంది వసంత.

"చూసినదానివైతే తెలుస్తుండె."

"ఏమన్నదన్నా? జర చెప్పు. నీ కాళ్లు మొక్కుత."

"చూసి తెల్సుకో" అని పెట్టేశాడు. అబద్ధం పట్టుకున్నాననుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారమే మైకు అడిగింది.

అంజమ్మకు ఒక అలవాటు. వారం వారం ప్రార్థనలన్నీ ఫోన్‌లో పట్టి, పుణెలో, బొంబాయిలో పనులకుపోయిన మందిరం వాళ్లందరికీ పంపిస్తుంది. వసంత పేరు కూడా ఆ వరసలో ఉంది. ఆ ప్రార్థన చేరిన దగ్గర్నుంచి వసంత ఫోన్ చేయడం మానేసింది. చూశారా, తప్పు చేసినది కాబట్టే మాట పెగల్లేదు అనుకున్నాడు పాల్.

మూడో ఆదివారం దాటాక, ఒక బుధవారం ఆయన గద్వాల పోయాడు. యాప్‌లోది కొన్నాళ్లే ఉంటుందని ఎవరో అంటే, ఆ కోపం మాట దాకా ఒక ముక్క తీయించి మెమరీ చిప్పులో వేయించుకుందామని. పాత బస్టాండు దగ్గర ఉమ అనే ఆమెకు ఫోన్ల దుకాణముంది. ఆమె ఫోన్ తీసుకుని అటూ ఇటూ నొక్కి తిరిగిచ్చేసింది.

"రాదు పెద్దనాయనా. యాప్ కాపీ చేసుకోనియ్యదు. తెర రికార్డు పెట్టినా నల్లగ వస్తది, చూడు."

"నా పెండ్లాం మొకం నా ఫోన్లకెళ్లి తీసుకోనీకె ఒకర్ని అడగాల్నా?"

"మొకం మీ ఆమెదే. తీసింది వాళ్లు. హక్కు వాళ్లదంట."

"బాగున్నది యవ్వారం."

"ఇంకొక ఫోను ఎదురుగ పెట్టి వీడియో తీసుకో. మసక మసక వస్తది గనీ వస్తది. నేనైతే తియ్య. పోయినేడు పాటలు ఎక్కిచ్చి ఇస్తుంటిమని పోలీసులు దుకాణం మీదికొచ్చిండ్రు." ఉమ మళ్లీ తెర వంక చూసింది, అక్కడ వచ్చే గురువారం తేదీ ఉంది. "తీసేదుంటే జల్ది తియ్యి. వచ్చే బేస్తారం దాంకనే ఉంటది."

పాల్‌కు ఊరికే ఉండబుద్ధి కాలేదు. "మాకైతే గిట్ల పరేషాన్. మస్కట్‌ల ఉన్న మా చెల్లెకు ఉన్నదాన్ని చూసే తీరిక లేదు."

"మస్కట్‌లనా? అక్కడ రాదు గద."

"గట్లనే చెప్తది అది కూడ."

"చెప్పుడేంది పెద్దనాయనా, ఈడ రాసే ఉన్నది." ఉమ కార్యక్రమం పేరు పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కింది. కింద నాలుగు వరసలు విచ్చుకున్నాయి. "నీకు చదువొస్తదా?"

పాల్‌కు చదువొస్తుంది. మందిరంలో నోరు తడబడకుండా చదివే మనిషి. ప్రసార హక్కుల కారణంగా ఈ కార్యక్రమాన్ని భారతదేశంలో మాత్రమే చూడగలరు. అచ్చ తెలుగు అక్షరాలు. నెలనుంచి ఆయన బొటనవేలు తిరుగుతున్న చోటికి అంగుళం పక్కన ఉన్నాయి. ఇంకోసారి చదివాడు. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి.

"దేశం దాటితే బంద్ పెడ్తరు," అంది ఉమ. "మా తమ్ముడు దుబాయ్‌ల ఉంటడు. వానికి కూడ గంతే. పాపం మీ చెల్లె ఎన్నిసార్లు నొక్కి చూసిందో."

పాల్ ఫోన్ జేబులో వేసుకుని దుకాణం మెట్లు దిగాడు.

ఎర్రవల్లి చౌరస్తా మీదుగా పోయే బస్సులో వెనక సీట్ల నిండా మిరప బస్తాలు. జనమంతా దగ్గుతున్నారు. పాల్ కళ్లనుంచి నీళ్లు కారినా ఎవరికీ అనుమానం రాలేదు. యాప్ మాట నిజమైంది. నిజమైనది ఆ ఒక్క మాటతో ఆగదు కదా. బస్సు కుదుపుకొకటిగా మిగతావి కూడా నిజమవుతూ వచ్చాయి. పాస్‌పోర్టు నిజం. ఇవ్వనన్నది నిజం. కాళ్లు పట్టుకున్నది నిజం. ఒక్క రోజు ఆగమంటే ఆగకపోయింది తను. మొహం చూపించమంటే పెట్టేసింది తను. ఆ రోజు ఫోన్‌లో చూపించడం తప్పని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆమెను ఏడిపించాలనిపించింది, ఏడిపించాడు. ఊరి స్టేజీలో దిగేటప్పుడు కండక్టరు చెయ్యిపట్టి దించాల్సి వచ్చింది.

ఆ రోజూ మర్నాడూ చేసిన ఫోన్లు వసంత ఎత్తలేదు. శుక్రవారం ఎత్తింది.

"అక్కడ రాదంట," అన్నాడు పాల్. ఎలా ఉన్నావని కూడా అడగలేదు. "దేశం బైట బంద్ అంట."

"నేను చెప్పిన కదన్నా."

"నాకు తెల్వలే."

"తెల్వకుంటే అడుగుతరు. నువ్వు అడగలే. అన్ని తెల్సినట్టు మైకుల చెప్పినవు."

"పాస్‌పోర్టు..."

"అది కూడ నిజమే. ఇప్పుడు కూడ వాళ్ల అల్మారలనే ఉన్నది. ఇంకేమన్న అడుగుతవా?"

"అంజమ్మత్త ఫోను తీసుకొస్త. దాంట్ల నీకు వీడియో కాల్ చేసి నా ఫోను ఎదురుగ పెడ్త. వదినను చూద్దువు."

వసంత గొంతు పెంచలేదు. "చూస్తన్నా. చూడకుంట ఉంటనా? గనీ ముందుగాల నువ్వు మైకుల చెప్పు. నా గుండె రాయని అంతమందితోని ఆమేన్ అనిపిచ్చినవు. నేను ఎప్పుడన్న వస్తే గా ఊళ్లెనే నడవాలె. యాడ అన్నవో ఆడ్నే చెప్పు. ఎల్లుండి ఆదివారమే కద. గంతే అడుగుతున్న."

"సరే," అన్నాడు పాల్.

ఆదివారం వచ్చింది. వాక్యం చదివాడు. చదువుతుంటే గొంతు బాగానే పలికింది. కోరికల వేళకు మైకు ముందు వరసనుంచి కదిలింది. ఒకామె మనవడి కామెర్లు చెప్పుకుంది. ఒకాయన తప్పిపోయిన బర్రె దొరకాలన్నాడు. మైకు పాల్ పక్క మనిషి దాకా వచ్చింది. పాల్ మోకాళ్లు లేవడానికి సిద్ధమయ్యాయి, నడుము మాత్రం చాప మీదనుంచి లేవలేదు. కుడిపక్కన తను ఎన్నడూ పలకరించని ముసలాయన, ఎడమపక్కన తనకు దండం పెట్టే కుర్రవాళ్లు. పాల్ అబద్ధం చెప్పాడట అని సాయంత్రానికి మిరపకళ్లాల దగ్గర అనుకుంటారు. మైకు ఆయన్ను దాటిపోయింది.

అంతటితో పోయినా బాగుండేది. యేసుబాబు కళ్లు మూసుకుని, అలవాటైన వరసలో కామెర్లనూ బర్రెనూ ప్రార్థించి, "మస్కట్‌లో ఉన్న మా సహోదరి వసంత రాతిగుండెను కరిగించు ప్రభువా" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. పాల్ నోటినుంచి కూడా వచ్చింది. తప్పించుకుందామంటే ముందే వచ్చేసింది.

సోమవారం పొద్దున అంజమ్మ ఫోన్ అడిగి తెచ్చుకుని వసంతకు వీడియో కాల్ చేశాడు. వంటింట్లో ఉన్నట్టుంది, నుదుట చెమట. చిక్కిపోయింది.

"చెప్పినవా అన్నా?"

"చెప్పిన," అన్నాడు పాల్.

వసంత ఆయన వంకే చూసింది. "ఏమని చెప్పినవు?"

"చెప్పిన అంటున్న కద. తప్పయిందని చెప్పిన. ఇగ చూడు, పెడుతున్న."

"పెట్టకు." చెయ్యి అడ్డంపెట్టింది, ఆయన ఫోన్ ఆమె దాకా చేరుతుందన్నట్టు. "అంజమ్మత్త నిన్ననే ప్రార్థన పంపింది. మొత్తం విన్న. ఆఖర్కి నీ ఆమేన్ కూడ విన్న. నీ గొంతు నాకు తెల్వదా?"

పాల్ చేతిలో రెండు ఫోన్లున్నాయి. దేన్ని కిందపెట్టాలో తోచలేదు.

"అబద్ధం నేను చెప్తున్ననని చెప్పి మట్టికి కూడ ఆగలేదు నువ్వు," అంది వసంత. "వద్దన్నా. గా చేతులల్ల వదినను చూడ." తెర ఖాళీ అయింది.

అంజమ్మ గుమ్మం దగ్గరే కూర్చుని బియ్యం ఏరుతోంది. విన్నది, విననట్టు చాట విదిలించింది. "పాలూ, అది బేస్తారం దాంకనే అంటివి. నా ఫోన్ల వీడియో తీసి పెట్టు. పిల్ల కోపం తగ్గినంక చూస్తది," అంది.

"రేపు తీస్త అత్తా."

మంగళవారం అడిగింది. రేపన్నాడు. బుధవారం ఫోన్ తెచ్చి ఆయన ముందే పెట్టి పోయింది. సాయంత్రం దాకా అది అలాగే ఉంది. చేతులు ఖాళీగానే ఉన్నాయి, చేలో పని లేదు. తన ఫోన్‌లో దేవమ్మను తెరిచాడు. కోపం మాట దాకా చూశాడు. బొటనవేలు తెర మీదికి తనంతట తనే వచ్చింది. తీస్తే మొత్తం తీయాలి. ఆ నాలుగో మాట కూడా వస్తుంది. యాప్‌లో ఉన్నంతవరకు అది గడువున్న మాట. అంజమ్మ ఫోన్‌లోకి ఎక్కితే ఇక దానికి గడువు లేదు. ఊరంతా తిరుగుతుంది, మస్కట్ పోతుంది, తను చచ్చాక కూడా ఉంటుంది. పాల్ ఫోన్ మూసేశాడు. అంజమ్మ ఫోన్ అంజమ్మకు ఇచ్చేశాడు. తీసినవా అంటే తలూపాడో లేదో తెలియకుండా తలూపాడు.

శుక్రవారం పొద్దున తెరిచేసరికి దేవమ్మ లేదు. ఆమె ఉన్న చోట ఎవరో వంటలు చేస్తున్నారు. పేరు కొట్టి వెతికితే, ఈ కార్యక్రమం ఇప్పుడు అందుబాటులో లేదని వచ్చింది. పాల్ మొదట వదిలిన ఊపిరి తేలికైన ఊపిరి. అది తేలికగా ఉందని తెలిసిన మరుక్షణం ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది. పెళ్లాన్ని రెండుసార్లు మట్టిచేశాడు. రెండుసార్లూ తొందరపడ్డాడు. రెండుసార్లూ చెల్లెలికి మొహం దక్కనివ్వలేదు.

ఆ ఆదివారం వాక్యం ఇంకొకరిని చదవమన్నాడు. అంజమ్మ దగ్గరికి పోయి, వసంతకు ఫోన్ కలిపి చేతిలో పట్టుకొమ్మన్నాడు. "పెట్టేస్తే మళ్ల చెయ్యి అత్తా. ఎత్తేదాంక చెయ్యి." వసంత ఎత్తింది. మైకు ఇంకా ముందు వరసలో ఉండగానే పాల్ లేచిపోయి తీసుకున్నాడు.

"నా చెల్లె కోసం ఇన్ని వారాలు ప్రార్థన చేసిండ్రు. గది నా అబద్ధం. టీవీది మన దేశంలనే ఆడుతది. కిందనే రాసున్నది, చదువుకున్నోన్ని నేనే చదవలే. పాస్‌పోర్టు ఇయ్యలేదన్నది కూడ నిజమే. ఒక్కరోజు ఆగమని ఏడ్సింది, నేను ఆగలే. మొకం చూపియ్యమన్నది, చూపియ్యలే. పోయిన ఆదివారం మీ ముందట చెప్త అన్న, చెప్పలే. చెప్పిన అని మళ్ల దానికి అబద్ధం చెప్పిన."

యేసుబాబు పుస్తకం మీదికి తల వంచుకున్నాడు. ఎత్తిపట్టిన ఫోన్‌లోంచి వసంత గొంతు సన్నగా వచ్చింది.

"సరే అన్నా. ఇగ వదినను పెట్టు."

పాల్ మైకు దించలేదు. "లేదు. బేస్తారంతోని అయిపోయింది. తీసేసిండ్రు."

"తీసి పెట్టినవు గద నా ఫోన్ల?" అంది అంజమ్మ.

"తియ్యలే అత్తా."

"మరి తలూపితివి?"

"ఊపిన. తియ్యలే. మర్చిపోలే, కావాలనే తియ్యలే. దాంట్ల వదిన నా మీద మాట ఒకటి అన్నది. గది పోతే బాగుండనుకున్న. పోయింది."

ఆడవాళ్ల వైపునుంచి ఎవరో ఛీ అన్నారు. మెల్లగా అన్నా అందరికీ వినిపించింది. పాల్ ఆ వైపు తిరగలేదు. ఫోన్‌లో వసంత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో ఏమో, ఆ చిన్న తెరలో తెలియడం లేదు. ఇక పెట్టేస్తుంది అనుకున్నారు అందరూ.

"ఏమన్నదన్నా వదిన?" అంది వసంత. "ఇప్పుడు నీ నోట్ల తప్ప ఇంక యాడ లేదు. చెప్పు."

పాల్ మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. "నాకు ఆడబిడ్డ ఉన్నది, మస్కట్‌ల, అన్నది. పేరు వసంత అన్నది. ఈ పని నాకంటే మంచిగ చేస్తది, దాని చెయ్యి పడితే ఒక్క కాయ రాలదు అన్నది." అక్కడ ఆగాడు. "మొగుడు ఇడిసిపెట్టినోళ్లు ఇంట్ల ఉంటే నలుగురు నాలుగు మాటలంటరని దాని అన్న వనపర్తి ఏజెంటును పట్టుకొచ్చి తోలిండు, అన్నది. దాని అన్నకు నలుగురు పెద్ద, నాకు అది పెద్ద, అన్నది. ఈ పారి వస్తే లోపటికెళ్లి గొళ్లెం పెట్టుకుని ఇద్దరం కూసుంటం, ఎట్ల పంపుతడో చూస్త, అన్నది."

చెప్పడం పూర్తయ్యేసరికి మాటలు మాటల్లా లేవు. ఈ వయసులో, ఇంతమందిలో, ముక్కు ఎగబీల్చుకుంటూ నిలబడ్డాడు. వనపర్తి ఏజెంటు సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. వసంత తన ఇష్టంతోనే పోయిందని ఇన్నాళ్లూ ఆయన అందరినీ అనుకోనిచ్చాడు.

"వదిన అదంత ఏడ్చుకుంట అన్నదా అన్నా?" అంది వసంత.

"లేదు. నవ్వుకుంట అన్నది. చేన్ల అందరు నవ్విండ్రు."

"మరి నువ్వు ఏడ్చుకుంట చెప్తే నాకెట్ల తెలుస్తది? నాకు ఆమె కావాలె, నువ్వు కాదు. ఆమె ఎట్లన్నదో గట్లనే చెప్పు. నవ్వుకుంట చెప్పు."

పాల్ తుండుతో మొహం తుడుచుకున్నాడు. మందిరం మొత్తం ఆయన నోటివంక చూస్తోంది. దేవమ్మలా కళ్లు చికిలించబోయాడు. పెదవులు పక్కలకు లాగాడు. అది నవ్వు కాలేదు, పంటి నొప్పిలా అయింది. మైకు పొరపాటున దించబోతే, అంజమ్మ ఫోన్‌ను ఇంకాస్త ఎత్తి పట్టుకుంది.

"నాకు ఆడబిడ్డ ఉన్నది," అని పాల్ మళ్లీ మొదలుపెట్టాడు.